వయసు మళ్లిన తరువాత అనుదిన ప్రార్థనను ఎలా నిలబెట్టుకోవాలి?

ప్రభువు నామంలో మీకు వందనాలు అమ్మా. ఇదే ఇబ్బందిలో ఉన్న ఇతరులకు కూడా ఉపయోగపడుతుంది కనుక మీరు అడిగినదాన్ని ముందుగా క్లుప్తంగా చెబుతాను. మీకు 68 ఏళ్లు, ఉపాధ్యాయురాలిగా పనిచేసి పదవీ విరమణ చేశారు. పెళ్లయిన నాటి నుంచి మీ ఇంట్లో రాత్రి భోజనాల తరువాత కుటుంబ ప్రార్థన జరిగేది. మీరు పాట ఎత్తుకునేవారు, మీ భర్తగారు అధ్యాయం చదివి ప్రార్థన చేసేవారు. ఆయన ప్రభువునందు నిద్రించి రెండేళ్లయింది. అబ్బాయి కుటుంబం డాలస్‌లో, అమ్మాయి కుటుంబం హైదరాబాదులో ఉంటున్నారు. ఉద్యోగం అయిపోయాక ఇక గంటల కొద్దీ ప్రార్థనలో గడపవచ్చని ఒకప్పుడు అనుకున్న మీరు, ఇప్పుడు తెల్లవారుజామున నాలుగు గంటలకు అలారం పెట్టుకుని లేచి, నొప్పి పుట్టే మోకాళ్ల మీద పది నిమిషాలైనా నిలవలేక కునికిపాట్లు పడుతున్నానని, ఆదివారం సాక్ష్యాలలో ఇతరులు తమ ప్రార్థన జీవితం గురించి చెబుతుంటే తల వంచుకుంటున్నానని, నా విశ్వాసమే చల్లారిపోయిందేమోనని భయంగా ఉందని రాశారు.

నేను చాలా ఏళ్లు సంఘ కాపరిగా పనిచేశాను. ఇప్పుడు నాకూ డెబ్బై దాటాయి. పదవీ విరమణ తరువాత నేను చేస్తున్న పని, మంచం పట్టిన వారినీ ఒంటరిగా ఉన్న పెద్దవారినీ ఇళ్లకు వెళ్లి చూడడం, వారితో కలిసి ప్రార్థించడం. మీరు రాసిన మాటలు ఆ ఇళ్లలో నేను తరచుగా వినేవే, కాబట్టి మీరొక్కరే ఇలా వెనకబడ్డారని దయచేసి అనుకోవద్దు. విశ్వాసం చల్లారినవారు ప్రార్థన గురించి ఇంతగా బాధపడరు. మీరు చేస్తున్నదల్లా పాతికేళ్ల యువకునికి తగిన క్రమాన్ని 68 ఏళ్ల శరీరం చేత చేయించాలని చూడడం. అది కుదరకపోవడంలో పాపమేమీ లేదు.

నిర్గమకాండము 17వ అధ్యాయంలో అమాలేకీయులతో యుద్ధం జరుగుతుండగా మోషే కొండ మీద ప్రార్థించిన సంగతి మీకు తెలుసు. ఆయన చేయి పైకెత్తినప్పుడు ఇశ్రాయేలీయులు గెలుస్తున్నారు, దించినప్పుడు అమాలేకీయులు గెలుస్తున్నారు. మోషే చేతులు బరువెక్కాయి. అప్పుడు అహరోను, హూరు ఆయనను మందలించలేదు, ఇంకా పట్టుదలగా నిలబడమని చెప్పలేదు. ఒక రాయి తెచ్చి ఆయన కింద వేశారు. ఆయన దాని మీద కూర్చున్నాడు, వారు చెరొక ప్రక్కన నిలబడి ఆయన చేతులను ఆదుకున్నారు. అప్పటికి మోషేకు ఎనభై ఏళ్లు. యుద్ధం గెలిచింది అలా కూర్చుని, ఇతరుల ఆసరాతో ఎత్తిన చేతుల వల్లనే. మలి వయసులో ప్రార్థన గురించి నేను చెప్పదలచుకున్నదంతా దీనిలోనే ఉంది: బలాన్ని కూడగట్టుకోవడం మాని, ఆసరాలను ఏర్పాటు చేసుకోవాలి. కూర్చోవడానికి ఒక చోటు, నియమిత వేళలు, ముందే సిద్ధంగా ఉన్న మాటలు, ప్రక్కన మరొకరు ఉంటే చాలా దూరం వెళ్లవచ్చు.

ముందు వేళల సంగతి చూద్దాం. నాలుగు గంటల అలారం తీసేయండి. వయసు పెరిగే కొద్దీ నిద్ర పలచబడుతుంది, సాయంత్రం త్వరగా కునుకు పట్టి తెల్లవారకముందే మెలకువ రావడం సహజం. ఆ మెలకువ దానంతట అది వస్తే అది వేరే విషయం, దాని గురించి తరువాత చెబుతాను. అలారంతో నిద్రను తెగ్గొట్టుకుని కళ్లు మూసుకుంటే శరీరం నిద్రలోకే జారుతుంది. దానియేలు రోజుకు ముమ్మారు మోకాళ్లూని ప్రార్థించేవాడని ఆరవ అధ్యాయంలో చదువుతాం. అలా ప్రార్థించినందుకు ఆయనను సింహాల గుహలో పడవేసిన సంగతి జరిగేటప్పటికి ఆయన కుర్రవాడని చాలామంది అనుకుంటారు. క్రీ.పూ. 605 ప్రాంతంలో చెరగా వెళ్లినవాడు, 539లో బబులోను కూలిన తరువాత దర్యావేషు ఏలుబడిలో ఉన్నాడంటే, అప్పటికి ఎనభై ఏళ్ల ముసలివాడై ఉండాలి. ఆ వయసులో ఆయనను నిలబెట్టింది ప్రార్థన నిడివి అని వాక్యం చెప్పదు, 'యథాప్రకారముగా' చేశాడని చెబుతుంది. 55వ కీర్తనలో దావీదు కూడా సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం అని మూడు పూటలు చెప్పాడు. మన రోమన్ కతోలిక సహోదరులు త్రికాల జపం అని ఉదయం ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి చేసుకునేది కూడా ఈ క్రమమే. ప్రొటెస్టెంటు ఇళ్లలో ఈ క్రమాన్ని మనం పోగొట్టుకున్నాం. ఒకే దీర్ఘ ప్రార్థన మాత్రమే నిజమైన ప్రార్థన అన్న అభిప్రాయం మన సంఘాలలో బలంగా నాటుకుపోయింది, అది పెద్దవారికి చాలా నష్టం చేసిందని నా అభిప్రాయం.

మీ రోజులో ఇప్పటికే తప్పనిసరిగా జరిగే పనులకు ప్రార్థనను జతచేయండి. మీరు షుగరు మాత్ర వేసుకుంటారు, కాఫీ తాగుతారు, మధ్యాహ్నం భోంచేస్తారు, పడుకోబోయే ముందు తలుపు గడియ వేస్తారు. ఉదయం కాఫీ అయ్యాక, ఒళ్లు మేలుకున్నాక, పావుగంట. మధ్యాహ్నం భోజనానికి కూర్చున్నప్పుడు రెండు నిమిషాలు. రాత్రి గడియ వేసిన తరువాత పది నిమిషాలు. మొదటి నెల ఇంతకు మించి ఒక్క నిమిషం కూడా పెంచవద్దని నేను గట్టిగా చెబుతాను. ఉత్సాహం వచ్చిన రోజున గంట చేసి, మరుసటి రోజు ఆ గంట రాలేదని దిగులుపడడం వల్లనే ఎందరో మొత్తానికి మానేస్తున్నారు.

శరీరం గురించి రెండు జాగ్రత్తలు చెప్పాలి. మోకాళ్లూనడం గొప్ప అలవాటే, కానీ హెబ్రీ పత్రిక 11వ అధ్యాయంలో యాకోబు అవసానకాలమందు తన చేతికర్ర మొదలు మీద ఆనుకొని దేవునికి నమస్కారం చేశాడని ఉంది. ఆ నమస్కారాన్ని వాక్యం విశ్వాసవీరుల పట్టికలో చేర్చింది. మీరు వీపుకు ఆనుకునే కుర్చీ, వీలైతే చేతులున్న కుర్చీ, కిటికీ వెలుగు ఎడమ భుజం మీదుగా పుస్తకం మీద పడేలా వేసుకోండి. పడక మీద పడుకుని చేసే ఉదయ ప్రార్థన నిద్రకే దారితీస్తుంది కనుక ఉదయం మాత్రం కూర్చోండి. రక్తపోటు మాత్రలు వేసుకునేవారు చాలాసేపు మోకాళ్ల మీద ఉండి ఒక్కసారిగా లేస్తే రక్తపోటు పడిపోయి కళ్లు తిరుగుతాయి. ప్రార్థన గదిలోనే పడి తుంటి ఎముక విరిగినవారిని నేను చూశాను. మోకాళ్లూనాలనే కోరిక బలంగా ఉంటే మంచం పట్టెను పట్టుకుని, కింద దిండు వేసుకుని, ప్రభువు ప్రార్థన చెప్పే కాసేపు ఊని, మంచం మీద కూర్చుని ఆ తరువాత లేవండి.

రెండవది ఉపవాసం. ఈస్టరుకు ముందు వచ్చే శ్రమల దినాల నలభై రోజులూ ఒంటిపూట ఉంటామని, శుక్రవారం ఉపవాస కూడికకు మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా వస్తామని మన పెద్దవారు పట్టుబడతారు. ఇన్సులిన్ తీసుకునేవారు, కొన్ని రకాల షుగరు మాత్రలు వేసుకునేవారు భోజనం మానితే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది. చెమటలు పట్టడం, చేతులు వణకడం, మాట తడబడడం, స్పృహ తప్పడం దాకా వెళుతుంది. దీన్ని విశ్వాసంతో ముడిపెట్టి మాట్లాడేవారి మాట వినకండి. డాక్టరును అడగకుండా ఒక్క పూట కూడా మానవద్దు. మీకు ప్రియమైన మరొకదాన్ని, ఉదాహరణకు సాయంత్రం సీరియల్ చూసే సమయాన్ని, ప్రభువు కోసం విడిచిపెట్టడం కూడా ఉపవాసమే.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మీ మనసు నిలవడం లేదనీ, మాటలు రావడం లేదనీ రాశారు. మీ భర్తగారు ప్రతి రాత్రీ ప్రార్థన చేస్తుంటే మీరు ఆయన మాటలకు ఆమేన్ చెప్పి ఇన్నేళ్లు గడిపారు. ఇప్పుడు ఆ మాటలు లేవు, మీ సొంత మాటలకు అలవాటు లేదు. ఇది భక్తిలోని లోపం కానే కాదు. మన సంఘాలలో ధారాళంగా, పొడవుగా, కన్నీళ్లతో చేసేదే ప్రార్థన అనే భావన ఉండడం వల్ల ఇతరులు రాసిన మాటలతో ప్రార్థించడం తక్కువ రకం అనిపిస్తుంది. కానీ మన ప్రభువు సిలువ మీద ఉన్నప్పుడు కొత్త మాటలు వెదకలేదు. 22వ కీర్తన మొదటి మాటలతో కేక వేశాడు, 31వ కీర్తనలోని 'నా ఆత్మను నీ చేతికప్పగించుచున్నాను' అన్న మాటతో ప్రాణం విడిచాడు. తీవ్రమైన వేదనలో దేవుని కుమారునికి చాలిన మాటలు మనకు చాలవా?

అందుకే నా సలహా, ఉదయం పావుగంటను కీర్తనల గ్రంథానికి ఇవ్వండి. 150 కీర్తనలు ఉన్నాయి, రోజుకు ఒకటి చొప్పున అయిదు నెలలలో పూర్తవుతాయి, మళ్లీ మొదలుపెట్టవచ్చు. చిన్నది వచ్చిన రోజు, ఉదాహరణకు రెండే వచనాలున్న 117వ కీర్తన నాడు, దానినే నాలుగైదుసార్లు చదవండి. పెద్దవి వచ్చినప్పుడు విడగొట్టుకోండి. 119వ కీర్తన చూసి భయపడేవారు చాలామంది, 176 వచనాలు కదా. కానీ అది ఎనిమిదేసి వచనాల చొప్పున 22 భాగాలుగా ఉంది, మన తెలుగు బైబిలులో ఆలెఫ్, బేత్ అంటూ ఆ భాగాలకు పేర్లు కూడా వేసి ఉంటారు. రోజుకు ఒక భాగం చొప్పున 22 రోజులు. కంటి చూపు తగ్గినవారికి ఎనిమిది వచనాలు సరిగ్గా సరిపోయే కొలత. శుక్లాల వల్ల అక్షరాలు అలుక్కుపోతుంటే బైబిలు సొసైటీవారి పెద్ద అక్షరాల బైబిలు తెప్పించుకోండి.

చదివే పద్ధతి ముఖ్యం. మనసులో చదవకండి, పైకి చదవండి, మీరు తరగతి గదిలో పద్యం చెప్పిన గొంతుతో చదవండి. కళ్లు, నోరు, చెవి మూడూ ఒకే పనిలో ఉంటే మనసు తిరిగే చోట్లు తగ్గుతాయి, కునుకు కూడా పట్టదు. మొదటిసారి కీర్తన అంతా చదవండి. రెండోసారి చదువుతూ ఏ వచనం దగ్గర మనసు ఆగితే అక్కడ మీరూ ఆగండి. ఆ వచనాన్ని మీ మాటగా దేవునికి తిప్పి చెప్పండి. 121వ కీర్తన తీసుకుందాం. 'కొండలతట్టు నా కన్నులెత్తుచున్నాను నాకు సహాయము ఎక్కడనుండి వచ్చును?' అని చదివారు. అక్కడ ఆగి, 'తండ్రీ, ఈ నెల స్కానింగుకు ఎవరు తోడు వస్తారో తెలియడం లేదు, నాకు సహాయం ఎక్కడ నుంచి వస్తుంది?' అని అడిగారంటే అది పూర్తి ప్రార్థన. దానిని అలంకరించనక్కరలేదు. తరువాతి వచనానికి వెళ్లండి. ఆ రోజు ఏ వచనం దగ్గరా మనసు ఆగకపోతే, చదవడమే ఆ రోజుకు ప్రార్థన. చివర ప్రభువు ప్రార్థనను ఒక్కొక్క విన్నపం దగ్గర ఒక ఊపిరి తీసుకుంటూ మెల్లగా చెప్పి ముగించండి.

మనసు మధ్యలో ఎటో వెళ్లినట్లు గమనించినప్పుడు మిమ్మల్ని మీరు తిట్టుకోకండి. అది ఎక్కడికి వెళ్లిందో చూడండి. గ్యాసు బుకింగు దగ్గరికి వెళితే వెనక్కి రండి. మనవడి జ్వరం దగ్గరికి వెళితే, ఆ మనవడిని అక్కడే ప్రభువు చేతిలో పెట్టి వెనక్కి రండి. మనసు పరుగెత్తే చోట్లలో సగం, మనం నిజంగా ప్రార్థించవలసిన చోట్లే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువసేపు ఆపిన వాక్యం, రాత్రి ప్రార్థన వేళకు మీ భర్తగారి కుర్చీ వైపు చూడలేక టీవీ పెట్టుకుంటున్నానని రాసినది. దీని గురించి పెద్దగా ఎవరూ మాట్లాడరు. భర్త పోయిన తరువాత విధవరాలు కోల్పోయేది తోడును మాత్రమే అనుకుంటారు, ఆమె తన ప్రార్థనా స్థలాన్ని కూడా కోల్పోతుంది. ఓదార్చడానికి వచ్చినవారు 'ఆయన మంచి చోటికి వెళ్లారు, ఏడవకూడదు' అంటారు. వాక్యం అలా అనదు. 13వ కీర్తన ఇంకా ఎంత కాలం అని దేవుణ్ణి అడుగుతూ మొదలవుతుంది. 88వ కీర్తన ఆదరణ మాటతో ముగియదు, స్నేహితులు దూరమై చీకటిలో మిగిలిపోయిన మనిషి మాటలతోనే ముగుస్తుంది. అయినా దాన్ని పరిశుద్ధ గ్రంథం నుంచి ఎవరూ తీసివేయలేదు. కాబట్టి దేవుని ముందు దుఃఖపడడం ప్రార్థనకు అడ్డు కాదు, కొన్ని రాత్రులు అదే ప్రార్థన.

రాత్రి పది నిమిషాలకు పాత క్రమాన్ని యథాతథంగా నిలబెట్టాలని ప్రయత్నించకండి, అది ప్రతి రాత్రీ గాయాన్ని కెలుకుతుంది. చోటు మార్చండి, కుర్చీ మార్చండి. కానీ ఒక్కటి మాత్రం మార్చకండి, పాట. పాట ఎత్తుకునేది మొదటి నుంచీ మీరే కదా, అది మీది. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో సాయంకాల కీర్తనలు ఉన్నాయి, మీకు కంఠతా వచ్చినది ఒక్కటి, రెండు చరణాలు చాలు. ఆ తరువాత 4వ కీర్తన చదవండి. 'యెహోవా, నెమ్మదితో నేను పండుకొని నిద్రపోవుదును' అని చివర ఉన్న ఆ కీర్తనను ఎన్నో తరాల క్రైస్తవులు పడుకోబోయే ముందు చదువుకున్నారు. చదివాక ఆ రోజు జరిగిన ఒక మేలును పేరు పెట్టి చెప్పండి. 'అన్నిటి కొరకు స్తోత్రం' అని కాకుండా, 'ఈ రోజు కరెంటు బిల్లు కట్టడానికి పక్కింటి అబ్బాయి వచ్చినందుకు స్తోత్రం' అని చెప్పండి. ఆయన వాడిన బైబిలు మీ దగ్గర ఉంటే, అందులో ఆయన గీతలు గీసిన వచనాలు కనిపిస్తాయి. వాటిని చూసే ధైర్యం వచ్చినప్పుడు, వారానికి ఒక్క రాత్రి ఆ బైబిలులో చదవండి. తొందరేమీ లేదు.

లూకా సువార్త 2వ అధ్యాయంలో అన్న అనే ప్రవక్త్రి ఉంది. ఏడేళ్లు మాత్రమే భర్తతో కాపురం చేసి, ఆ తరువాత ముదిమి వరకు విధవగా ఉండి, దేవాలయం విడవకుండా రేయింబగళ్లు సేవ చేసింది. మన ప్రసంగాలలో ఆమెను ఉపవాస ప్రార్థనకు మాదిరిగా చూపిస్తారు, అది నిజమే. కానీ ఆ వచనాల చివర ఆమె చేసిన పని చూడండి. శిశువైన యేసును చూసిన వెంటనే దేవుణ్ణి కొనియాడి, యెరూషలేములో విమోచన కోసం కనిపెట్టుకుని ఉన్నవారందరితో ఆయన గురించి మాట్లాడింది. ఆమె ప్రార్థన ఆమెను మనుషుల దగ్గరికే నడిపించింది. ఇతరుల కోసం చేసే విజ్ఞాపన గురించి చెప్పడానికి ఈ సంగతి ఎత్తాను.

మలి వయసులో మనం చేయగలిగిన పనులు ఒక్కొక్కటే తగ్గిపోతాయి, కానీ విజ్ఞాపనకు కావలసిన సమయం, జీవితానుభవం ఇప్పుడే మన దగ్గర ఎక్కువగా ఉంటాయి. మీరు ఉపాధ్యాయురాలు కనుక హాజరు పట్టీ మీకు బాగా తెలుసు. ఒక నోటు పుస్తకం తీసుకుని ఏడు పేజీలకు ఏడు వారాల పేర్లు రాయండి. సోమవారం మీ పిల్లలు, మనవలు. మంగళవారం తోబుట్టువులు, వారి కుటుంబాలు. బుధవారం మీ వీధివారు, వారు ఏ మతంవారైనా సరే. గురువారం రోగులు. శుక్రవారం ఇంకా విశ్వాసంలోకి రాని బంధువులు, మీతో మాటలు లేనివారు. శనివారం మీ సంఘం, అయ్యగారు (సంఘ కాపరి), అమ్మగారు (ఆయన భార్య), ఆదివారం బడి పిల్లలు. ఆదివారం దేశం, పాలకులు, మీరు చదువు చెప్పిన విద్యార్థులు. ఒక్కో పేజీకి ఏడెనిమిది పేర్లు మించనివ్వకండి. ప్రతి పేరు దగ్గర వేలు పెట్టి, ఆ పేరును పైకి పలికి, ఒక్క వాక్యం చెప్పండి. మధ్యాహ్నం భోజనానికి ముందు ఈ పేజీ చదువుకుంటే సరిపోతుంది. మాటలు లేనివారి పేజీ మొదట్లో కష్టంగా ఉంటుంది, పేరు ఒక్కటే పలికి ముందుకు వెళ్లండి. కొన్ని నెలలకు ఆ పేరు మీద ఉన్న కోపం పలచబడడం చాలామంది నాతో చెప్పారు.

మీ అబ్బాయి కుటుంబాన్ని ఇందులో భాగస్వాములను చేయవచ్చు. మనకు ఉదయం ఆరు గంటలయ్యేటప్పటికి డాలస్‌లో వేసవిలో ముందురోజు సాయంత్రం ఏడున్నర, చలికాలంలో ఆరున్నర అవుతుంది. పిల్లలు భోంచేసి పడుకోబోయే వేళ అది. శనివారం ఉదయం వీడియో కాల్‌లో అయిదు నిమిషాలు కుటుంబ ప్రార్థన పెట్టుకోండి. వారానికి ఒక్కసారి చాలు, రోజూ అంటే వారికి భారమై మానేస్తారు. మనవడి చేత 23వ కీర్తనలో వారానికొక వచనం తెలుగులో కంఠతా పట్టించండి, ఆరు వచనాలే కదా, ఆరు శనివారాలలో పూర్తవుతుంది. 71వ కీర్తనలో తల నెరసిన భక్తుడు, వచ్చుతరమునకు దేవుని బాహుబలమును గూర్చి తెలియజెప్పేవరకు తనను విడువవద్దని వేడుకుంటాడు. ఆ పని మీకు ఫోనులో దొరికింది.

రాత్రి మధ్యలో వచ్చే మెలకువ గురించి చెబుతానన్నాను. రెండింటికో మూడింటికో మెలకువ వచ్చి గుండె దడదడలాడుతూ పాత సంగతులన్నీ ముసురుకుంటే లైటు వేయకండి, ఫోను చేతిలోకి తీసుకోకండి, లేచి పొడవాటి ప్రార్థన మొదలుపెట్టకండి. 63వ కీర్తనలో దావీదు మంచం మీదనే, రాత్రి జాములయందు దేవుణ్ణి ధ్యానించానంటాడు. పడుకునే ఉండి, ఊపిరి లోపలికి తీసుకుంటూ 'యెహోవా నా కాపరి' అనీ, వదులుతూ 'నాకు లేమి కలుగదు' అనీ మనసులో అనుకోండి. మధ్యలో నిద్ర పడితే దిగులుపడవలసిన పనే లేదు. అయితే ఇలా వారాల తరబడి నిద్ర పట్టక, ఆకలి లేక, దేని మీదా ఆసక్తి లేకుండా పోతే అది డాక్టరుకు చెప్పవలసిన విషయం. పెద్ద వయసులో దిగులు జబ్బు చాలామందికి వస్తుంది, దానికి మంచి మందులున్నాయి. ప్రార్థన చేస్తే పోతుందిలే అని దాచిపెట్టుకోవద్దు.

టీవీ గురించి ఒక్క మాట. కదలలేనివారికి క్రైస్తవ చానళ్లు మేలు చేస్తున్నాయి, కాదనను. కానీ రోజంతా వాక్యం మోగుతున్న ఇంట్లో ఎవరూ ప్రార్థించని స్థితిని నేను చూస్తున్నాను. ఒక కార్యక్రమం ఎంచుకుని, అది అయిపోగానే కట్టేయండి. మీ పేరు చెప్పి ప్రార్థన చేస్తామనీ, దానికి కానుక ఇంత పంపమనీ ఫోను నంబరు చూపించేవారికి పింఛను డబ్బు పంపకండి. మీ కానుక మీ సంఘంలో, మీరు చూడగలిగిన అవసరానికి ఇవ్వండి.

సంఘాన్ని మాత్రం విడిచిపెట్టవద్దు. మోషే ప్రక్కన ఇద్దరు నిలబడ్డారు. స్త్రీల సమాజంలో మీలాగే ఒంటరిగా ఉన్న ఒక సోదరిని అడిగి, వారానికి ఒక మధ్యాహ్నం ఆమె మీ ఇంటికి, మరో వారం మీరు ఆమె ఇంటికి వెళ్లి ఒక కీర్తన చదువుకునే ఏర్పాటు చేసుకోండి. గుడికి వెళ్లలేని ఆదివారాలు వరుసగా వస్తే అయ్యగారికి కబురు పెట్టండి. ఇంటికి వచ్చి ప్రభురాత్రి భోజన సంస్కారం ఇవ్వడం, రోగి కోసం ప్రార్థించడం ఆయన పరిచర్యలో భాగం. 'మీలో ఎవడైనను రోగియై యున్నాడా? అతడు సంఘపు పెద్దలను పిలిపింపవలెను' అని యాకోబు రాశాడు. పిలిపించవలసింది రోగి. మన పెద్దవారు మొహమాటంతో పిలవరు, అయ్యగారు పట్టించుకోలేదని తరువాత బాధపడతారు.

ఆఖరుగా, మీరు అడగని ఒక విషయం చెప్పాలి. ఇప్పుడు మీకున్న జ్ఞాపకశక్తి, మాట, చూపు ఎప్పటికీ ఇలాగే ఉండకపోవచ్చు. నేను చూడడానికి వెళ్లే ఒక పెద్దాయనకు పక్షవాతం వచ్చి కుడి చేయి, మాట రెండూ పోయాయి. మంచినీళ్లు కావాలని కూడా చెప్పలేక చేయి చూపిస్తారు. నేను ఆయన మంచం పక్కన కూర్చుని, ఆయన చిన్నప్పటి నుంచి పాడిన కీర్తన పల్లవి ఎత్తుకుంటే, రెండో పంక్తికి ఆయన పెదవులు కదులుతాయి, మూడో పంక్తికి మాటలు స్పష్టంగా వస్తాయి, చరణం మొత్తం నాతో పాడతారు. పాట ఆగగానే మాట మళ్లీ పోతుంది. మెదడు ఎడమవైపు దెబ్బతిని మాట పోయినవారిలో పలువురు, ఎప్పటి నుంచో నోటికి వచ్చిన పాటలను, ప్రార్థనలను పలకగలుగుతారని వైద్యులు కూడా చెబుతారు. ఆయన కూతురు ఇప్పుడు రోజూ ఉదయం స్నానం చేయించిన తరువాత ఆ కీర్తనే పాడుతోంది. తండ్రి నోట ఒక వాక్యం వినగలిగేది ఆ కాసేపే.

ఆయన బాల్యంలో కంఠతా పట్టినది అది. మనం ఈ వయసులో పైకి చదివి, పదే పదే పలికి నిలుపుకునేవి కూడా రేపు మనకు అలాగే మిగలవచ్చు. కనుక నోటు పుస్తకం చివరి పేజీలో ఒక పట్టిక రాసిపెట్టండి: మీకు ఇష్టమైన అయిదారు కీర్తనల సంఖ్యలు, రెండు మూడు పాటల మొదటి పంక్తులు, మీ తల దగ్గర ఎవరైనా కూర్చున్నప్పుడు చదవాలని మీరు కోరుకునే వాక్య భాగాలు. నా పట్టికలో 71, 121, 130 కీర్తనలు, యెషయా 46వ అధ్యాయంలోని 'ముదిమి వచ్చువరకు నిన్ను ఎత్తికొనువాడను నేనే' అనే వచనం ఉన్నాయి. మీ అమ్మాయి హైదరాబాదు నుంచి ఈసారి వచ్చినప్పుడు ఆ పేజీ ఆమెకు చూపించండి, ఒక నకలు ఆమెకు ఇవ్వండి, మరొకటి మీ అయ్యగారికి ఇవ్వండి. ఆసుపత్రి కాగితాలు పెట్టుకునే సంచిలో ఒకటి ఉంచండి. ఈ మూడు పూటల క్రమాన్ని ఒక నెల చేసి చూసి, ఎక్కడ కుదరలేదో రాయండి. మీకు వీలయ్యే విధంగా దాన్ని ఇంకా తగ్గించి చెబుతాను.